పల్నాటి పల్లెపంతులు

పల్నాడనగానే మనకు కారెంపూడి రణరంగము, నాయకురాలి కోడిపోరు, బాలచంద్రుని తెగువ స్ఫురించును. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించి అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెననియు, మాలవాడైన కన్నమదాసును సేనానిగా చేసికొనెననియు వీరగాథ చెప్పుచున్నది. ఈ కథను మనము గర్వముతో చెప్పుకొందుము. కాని ఆ పంక్తి పిమ్మట ఏమయ్యెను? కన్నమదాసు కులమువారికి ఓనమాలు దిద్దించినవారెవరు? పండితులమని పేరు పొందిన మనము మాత్రము కాము.

1842వ సంవత్సరము జూలై 31వ తేదీన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు గుంటూరు చేరెను. ఆయన జర్మనీదేశమున హెల్మ్‌స్టెడ్టు పట్టణమున జన్మించి, అమెరికాలో లూథరను మతగురువై, తన 49వ యేట మన దేశమునకు వచ్చెను. కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయనను ఆదరించెను. అంతకు పదేండ్లకు ముందు, 1832-33లో, డొక్కల కరువు గుంటూరు మండలమును పాడుచేసి యుండెను. అట్టి చోట ఆయన బడి తెరచెను. నడుమ అమెరికాకు పోయి వైద్యవిద్య నేర్చి మరలివచ్చి, 1849లో పల్నాడు ప్రవేశించి, గురజాలను తన నెలవు చేసికొనెను.

అయితే ఒక్క విదేశీయుడు ఎన్ని ఊళ్లు తిరుగగలడు? పల్లెలు దూరము, ఎండలు తీవ్రము, భాష కొత్తది. కావున పని నిలువవలెనన్న ఊరివానినే పంతులుగా తీర్చవలసి యుండెను. దీనినుండియే పల్లెపంతులు పుట్టెను. ఆరు దినములు పిల్లలకు గుణింతము, ఎక్కములు చెప్పువాడును, ఆదివారము ప్రార్థన జరుపువాడును ఒక్కడే. అర్జీ వ్రాసిపెట్టుటకును, వచ్చిన జాబు చదివి చెప్పుటకును వాడలో అతడే దిక్కు. 1854లో వుడ్డు దొర పంపిన విద్యాశాసనపత్రము ప్రైవేటు బడులకు ధనసహాయము చేయవలెననియు, ఉపాధ్యాయులకు శిక్షణ నీయవలెననియు విధించెను. సర్కారు బడులు పేరునకు అందరివైనను, పెక్కుచోట్ల అంటరానివారనబడిన బాలురకు వాకిలి మూసియే యుండెను. ఆ లోటును పూరించినవి మిషను బడులు.

దక్షిణమున బాప్టిస్టుల చరిత్రయు ఇట్టిదే. 1866లో ఒంగోలున స్థిరపడిన జాన్ క్లౌ దొర, 1876-78 నాటి కరువులో బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంత భాగము గుత్తకు తీసికొని వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమున గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మతము పుచ్చుకొన్నవారు వేలు, వారికి చదువు చెప్పగలవారు కొలదిమంది! 1872లోనే రామాయపట్నమున బోధకుల శిక్షణకై వేదాంతపాఠశాల వెలసినది. అచ్చట విద్యార్థుల భార్యలకు సైతము చదువు చెప్పుచుండిరి. మన యిండ్ల స్త్రీలకు అక్షరము తగునా తగదా యని మనము తర్కించుకొనుచున్న దినములవి. 1883లో నరసరావుపేట, వినుకొండ, బాపట్లలు వేరువేరు కేంద్రములయ్యెను.

గుణమును చెప్పినవాడు దోషమును దాచరాదు. ఈ శిక్షణకు మొదటి ప్రయోజనము మతవ్యాప్తియే కాని కేవలవిద్య కాదు. జీతపురాళ్లు సముద్రము దాటి రావలసినవి. కావున పెత్తనమును సముద్రమావలనే యుండెను. 1912లో దోర్నకల్లున అజరయ్య ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పయ్యెను. లూథరనులలో ఆంధ్ర సువార్త లూథరను సంఘము 1927లో గాని యేర్పడలేదు. హయ్యరు వచ్చిన 85 ఏండ్లకు! పంతులుగా పనికివచ్చినవాడు పెద్దగా పనికిరాడా యన్న ప్రశ్న అంతకాలము నిలిచియుండెను. కులమును గుడివాకిట చెప్పులవలె విడువబడక, పెక్కుచోట్ల లోపలికి నడచివచ్చెను.

ఈ గుణదోషములు రెండును ఒక్క జీవితమున చూడవలెనన్న జాషువాను తలచుకొందము. 1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱము జాషువా తొలుత మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముపై పంతులు పని చేసెను. పిదప గుంటూరున లూథరనుల ఉపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు బోధించెను. అనగా పల్లెపంతుళ్లను తీర్చిన చేతులలో ఆయన చేయియు నున్నది. 1941లో 'గబ్బిలము' వెలువడెను. తాను తీర్చిన కలము తన హద్దులోనే వ్రాయవలెనని మిషను కోరుట సహజము. కాని జాషువా కలము ఆ హద్దులో నిలువలేదు. హైందవకథలు వ్రాసెనని క్రైస్తవులును, క్రైస్తవునికి కవిత్వమేమని హిందువులును ఆయనను నిరసించిరి. 1964లో ఆయన 'క్రీస్తు చరిత్ర'కే కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

నేను సంస్కృతము చదువుకొని పొట్టపోసికొన్నవాడను. నాకు శబ్దమంజరి చెప్పిన గురువుగారి వంశవృక్షము ఏడు తరములవరకు నాకు కంఠస్థము. పల్నాటిలో మొదటి తరమువారికి అక్షరాభ్యాసము చేసిన పంతుళ్ల పేర్లు నాకు పది రావు. దొరల పేర్లు గ్రంథములలో నిలిచినవి. పంతుళ్లలో పెక్కురి పేర్లు పాత రిజిస్టర్లలో, ముసలివారి నోళ్లలో మాత్రమే మిగిలినవి. 2022లో పల్నాడు నరసరావుపేట కేంద్రముగా వేరు జిల్లా అయినది. జిల్లా చరిత్ర వ్రాయబూనువారు ఊరూరను ఆ పేర్లు సేకరింతురు గాక! కారెంపూడిలో ఏటేట కార్తీకమాసమున వీరులకు ఉత్సవము జరుగుచున్నది. కత్తి పట్టినవారిని ఎనిమిది వందల యేండ్లుగా మరువని సీమ, బలపము పట్టించినవారిని నూరేండ్లకే మరచుట న్యాయము కాదు.