మందు మానని ఎనిమిదిమంది

1950ల చివర్లో డెన్మార్క్‌లోని వోర్డింగ్‌బోర్గ్ మానసిక వైద్యశాలలో పౌల్ క్రిస్టియన్ బాస్ట్రుప్ అనే డాక్టరు ఉన్మాదంతో వచ్చిన రోగులకు లిథియం ఇచ్చి చూశాడు. ఉధృతి తగ్గాక మందు ఆపెయ్యాలన్నది ఒప్పందం. దుష్ఫలితాలేమైనా మిగిలాయేమోనని కొంతకాలానికి ఆ పాత రోగుల్ని మళ్లీ కలిశాడు. ఎనిమిదిమంది మందు మాననేలేదు. పరీక్షలూ పర్యవేక్షణా ఏమీ లేకుండా సొంతంగా వేసుకుంటున్నారు. అందులో ఇద్దరైతే ఇదే జబ్బు ఉన్న తమ బంధువులకు కూడా మాత్రలు పంచారు. ఎందుకిలా చేశారని అడిగితే అందరూ ఒకే కారణం చెప్పారు: మానకుండా వేసుకుంటే జబ్బు తిరగబెట్టడం లేదు.

బైపోలార్ జబ్బు వైద్య చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది. ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ పదిమంది రోగుల అనుభవంతో రాశాడు. ఆ సంగతి అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. వచ్చిన ఉన్మాదాన్ని తగ్గించడమే కాదు, రాబోయే ఉన్మాదాన్నీ కుంగుబాటునూ కూడా ఆపుతుందన్న రెండో సంగతిని రోగులు తమ ఒంటిమీద తామే కనిపెట్టారు. డాక్టరు గొప్పతనం ఏమిటంటే, చెప్పిన మాట వినలేదని వాళ్లమీద విరుచుకుపడకుండా వాళ్లు చెప్పింది విన్నాడు.

అలాగని ఇదేదో వీరగాథ అనుకోవద్దు. లిథియంలో మందు మోతాదుకీ విషం మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. కేడ్ మొదటి రోగి 1950లో ఆ విషప్రభావంతోనే చనిపోయాడు. మూత్రపిండాలకూ థైరాయిడ్‌కూ ముప్పు ఉంది, అందులో థైరాయిడ్ సమస్య ఆడవాళ్లలోనే ఎక్కువ. ఆ ఎనిమిదిమంది చేసింది ప్రమాదమే. కానీ వాళ్లకు తెలిసింది నిజం.

బాస్ట్రుప్, మోగెన్స్ షౌ కలిసి 1967లో ఈ విషయాన్ని గణాంకాలతో ప్రచురించారు. షౌ తమ్ముడికి ఏటా కుంగుబాటు తిరగబెట్టేది, కాబట్టి ఆయనకు ఇది ఇంటి విషయం కూడా. ఆ అభిమానమే కళ్లు కప్పిందన్నట్టుగా, 1968లో లండన్ నుంచి బ్లాక్‌వెల్, షెపర్డ్ ఇదంతా ఇంకో వైద్య భ్రమ కాదా అని ప్రశ్నించారు. దానికి జవాబుగా 1970లో కొత్త ప్రయోగం జరిగింది. లిథియం మీద నిలకడగా ఉన్న 84 మంది స్త్రీలలో 45 మందికి మందు కొనసాగించి, 39 మందికి ఉత్తుత్తి మాత్రలిచ్చారు. అయిదు నెలల్లో ఆ 39 మందిలో 21 మందికి జబ్బు తిరగబెట్టింది. మందు వేసుకుంటున్నవాళ్లలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. వాదన ముగిసింది. నాకు మాత్రం ఆ 21 దగ్గర చూపు ఆగిపోతుంది. వోర్డింగ్‌బోర్గ్‌లో రోగులు నోటితో చెప్పిన మాటని సైన్సు ఒప్పుకోవడానికి ఇరవైఒక్కమంది ఆడవాళ్లు మళ్లీ ఆ నరకంలోకి వెళ్లిరావలసివచ్చింది. అంకెలో ఇమిడినంతవరకే వాళ్లు మనకి తెలుసు. ఎవరి వంట ఆగిపోయిందో, ఎవరి పిల్లలు ఎవరింటికి వెళ్లారో పట్టికలో ఉండదు.

అంకె వెనకున్న మనిషి 1995లో తన పేరుతోనే మాట్లాడింది. కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ మనోవైద్యశాస్త్ర ఆచార్యురాలు. ఈ జబ్బు మీద ఫ్రెడరిక్ గుడ్‌విన్‌తో కలిసి పెద్ద పాఠ్యగ్రంథమే రాసిన మనిషి. తన ఆత్మకథలో తనకూ అదే జబ్బని బయటపెట్టింది. మందు మానేసి చావు అంచుదాకా వెళ్లివచ్చింది. ఎందుకు మానింది? కారణాల్లో ఒకటి: అక్షరం కుదురుగా కనపడక, ఒక పేజీ చదవలేక. చదువే బతుకైనవాళ్లకి అదేమంత చిన్న దుష్ఫలితం? ఏళ్ల తర్వాత మోతాదు తగ్గించాక ఆమె మళ్లీ పుస్తకాలు చదవగలిగింది. 'రోగి సహకరించలేదు' అని కేసుషీటులో ఒక్క ముక్కలో రాసేసేది ఇలాంటి సంగతినే.

వాల్‌ప్రోయేట్ కథ ఇంకా చేదు. మూర్ఛకీ బైపోలార్‌కీ ఇచ్చే ఈ మందుని గర్భిణులు వాడితే పుట్టే పిల్లల్లో నూటికి సుమారు పదిమందికి అవయవ లోపాలు, ముప్పై నుంచి నలభైమందికి ఎదుగుదలలో సమస్యలు రావచ్చు. ఫ్రాన్సులో మూర్ఛకి ఈ మందు వాడిన మరీన్ మార్టిన్ అనే తల్లి 2011లో బాధిత కుటుంబాల సంఘం పెట్టింది. ఇంగ్లండులోనూ తల్లులే కాగితాలు పోగుచేశారు. 2018లో యూరప్ మందుల సంస్థ గర్భిణులకు బైపోలార్ కోసం దీన్ని వాడవద్దంది. ఇంగ్లండు ప్రభుత్వం వేసిన కంబర్లెజ్ సమీక్ష 2020లో తేల్చిందీ ఇదే: ఆడవాళ్లు చెబుతూనే ఉన్నారు, వినలేదు.

రోగి మాటని పరిశోధన మొదట్లోనే అడగాలన్న ఆలోచన ఈ శతాబ్దంలో గట్టిపడింది. కెనడాలో ఎరిన్ మిచలాక్ బృందం బైపోలార్ ఉన్నవాళ్లతోనూ వాళ్ల కుటుంబాలతోనూ మాట్లాడి, 2010లో జీవన నాణ్యతని కొలిచే 56 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. ఉన్మాదం ఎంత, కుంగుబాటు ఎంత అన్న పాత కొలతల పక్కన నిద్ర, డబ్బు, ఇంటిపని, స్వతంత్రం, 'నేనెవరు' అన్న ప్రశ్న చేరాయి. ఇంటిపని ఒక వైద్య కొలతలోకి రావడం చూసి నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

మన దగ్గరికొస్తే, 1955 హిందూ వివాహ చట్టంలో తీవ్రమైన మానసిక వ్యాధి ఇప్పటికీ విడాకులకి ఒక కారణమే. అందుకే మందుచీటీ బీరువాలో చీరల కింద ఉంటుంది, మాత్రలు విటమిన్ సీసాలోకి మారతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీనికి ఎదురుగా కొన్ని హక్కులిచ్చింది. మూడేళ్లలోపు బిడ్డని వైద్యశాలలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరుచేయకూడదు. తనకి మతి నిలకడ తప్పినప్పుడు ఏ వైద్యం చెయ్యాలో, ఏది చెయ్యకూడదో ముందే రాసిపెట్టుకోవచ్చు. తన తరపున మాట్లాడే ప్రతినిధిని తనే ఎంచుకోవచ్చు. భర్తే కానక్కర్లేదు.

బైపోలార్‌తో పదిహేనేళ్లుగా బతుకుతున్న నా స్నేహితురాలొకరు ఈమధ్య ఆ పత్రం రాసుకుని నాకు చదివి వినిపించింది. మందుల పేర్లు రెండో పేజీలో ఉన్నాయి. మొదటి పేజీలో మొదటి వాక్యం ఇది: 'నాకు వరసగా మూడు రాత్రులు నిద్ర లేకపోతే మా చెల్లెలికి ఫోన్ చెయ్యండి. ఆయనకి కాదు.'