సాలవనాల కాపరులు

హిజ్లీ పేరు వినగానే 1931 సెప్టెంబరు 16 నాటి కాల్పులు, ఆ నిర్బంధ శిబిరంలో నేలకొరిగిన సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా స్ఫురిస్తారు. ఆ భవనంలోనే 1951లో సాంకేతిక విద్యాసంస్థ ఆరంభమైంది. పక్కనున్న ఖరగ్‌పూరులో రైలు కొలువుకై తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా కాపురమున్నవి. ఇంత చరిత్ర నడుమ అడవి చరిత్ర మరుగుపడడం వింత కాదు, అడవికి శిలాఫలకాలుండవు.

ఈ నేల సంతాలులకు, లోధాలకు, భూమిజులకు ఆలవాలమైన జంగల్‌మహల్ అంచున ఉన్నది. సాలవృక్షమే, అనగా తెలుగువారి గుగ్గిలం చెట్టే, ఇక్కడి అడవికి ప్రాణం. సంతాలులు ఊరు కట్టినప్పుడు కొన్ని సాలవృక్షాలను నరకక దేవతలకు విడిచిపెడతారు. ఆ తోపును జాహేర్ అంటారు. ఇది వ్రాయని అటవీశాసనం. 1793 నాటి శాశ్వత పరిష్కారం అడవిని జమీందారుల పరం చేసింది. పిమ్మట వచ్చిన రైలు, పట్టాల క్రింది దుంగలకై సాలకలపను కోరింది. అడవి పలుచబడింది. అడవినే నమ్ముకున్న లోధాలు మాత్రం 1952 వరకు చట్టరీత్యా నేరస్థజాతిగా పరిగణింపబడినారు!

మిదునపురానికి ఉత్తరాన ఉన్న ఆరాబారిలో 1971-72 ప్రాంతాన అటవీ అధికారి అజిత్‌కుమార్ బెనర్జీ పదకొండు గ్రామాలవారితో ఒక ఒడంబడిక చేసుకొన్నాడు. 618 కుటుంబాలు 1,272 హెక్టార్ల మోడువారిన అడవిని కాయవలె. అందుకు ప్రతిగా పనీ, తరువాత రాబడిలో నాలుగవవంతూ పొందవలె. సాలవృక్షానికి వేరు బ్రతికియుంటే చాలు, నరికిన మొదలునుండి చిగురు లేస్తుంది. గొడ్డలీ పశువులూ దూరంగా ఉన్నందున అడవి తిరిగి లేచింది. ఇచ్చిన మాటకు ప్రభుత్వముద్ర పడడానికి మాత్రం 1987 దాకా పట్టింది. 1992లో ఆంధ్రదేశంలో వెలసిన వన సంరక్షణ సమితులకు మూలం ఇదే. అయినా అది శాఖ దయతో ఇచ్చిన భాగమే గాని హక్కు కాదు. హక్కును ఒప్పుకొన్నది 2006 నాటి చట్టం.

పెరిగిన అడవి కొత్త చిక్కు తెచ్చింది. 1980ల మధ్యనుండి దల్మా కొండల ఏనుగులు కంసావతి దాటి వచ్చి నెలల తరబడి ఇక్కడ నిలువసాగాయి. 2018 ఏప్రిల్‌లో లాల్‌గఢ్ అడవిలో ఒక పెద్దపులి బల్లెపు పోట్లతో చచ్చి కనిపించింది. అది గిరిజనుల వేటకాలం. వేటా, జాహేర్ తోపూ ఒకే జాతి ఆచారాలన్నది విస్మరించి, ఒకదానిని మాత్రమే చూచి తీర్పు చెప్పడం న్యాయం కాదు. వరి పండే రాత్రులలో ఆ ఊళ్ళవారు 'హులా' అనే దివిటీలతో ఏనుగులను తోలుతూ మేలుకొంటారు. పగటివేళ స్త్రీలు అదే అడవిలో విస్తళ్ళకై సాలపత్రాలు కోస్తారు.