ఆదివారం ఎవరిచ్చారు?

వట్లూరు దాటితే ఏలూరు. ఏలూరంటే నాకు గుర్తొచ్చేవి తివాచీలు, జూట్‌మిల్లు. మిల్లు కూలీకి వారానికో సెలవుండాలంటే ఇవాళ ఎవరూ కాదనరు. కానీ ఆ సెలవు ఊరికే రాలేదండీ! 1890లో బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే ఏర్పాటు చేసిన మిల్లు కూలీల సభలో ఇద్దరు ఆడవాళ్ళు కూడా లేచి మాట్లాడారు. ఆ ఏడే యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటేడు వచ్చిన చట్టం ఆడవాళ్ళ పని రోజుకు 11 గంటలు మించకూడదంది. 1948 ఫ్యాక్టరీల చట్టమైతే వారానికి 48 గంటలే అంది. అయిదు గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి తప్పదంది.

సెలవిస్తే సరిపోతుందా? తను లేకపోయినా పని సాగేలా కిందివాళ్ళకు నేర్పాలి. నేర్పని మేస్త్రీకి తనకే సెలవుండదు. మన వంటిళ్ళ సంగతీ అంతేనేమో! పోపు పెట్టడం ఇంకెవరికీ నేర్పకపోతే మనకు ఆదివారం ఎక్కణ్ణుంచి వస్తుంది? అడగడానికి ఆ ఇద్దరూ జంకలేదు. నేర్పడానికి మనకెందుకు జంకు?