అణా సెస్సు - బోర్డు బడి

మన గ్రామాలలో పాతతరం వారు ప్రభుత్వ పాఠశాలను 'బోర్డు బడి' అని పిలవడం చాలామంది వినే ఉంటారు. ఆ బోర్డు ఏది అని అడిగితే గోడకు తగిలించిన నల్లబల్ల అనుకునే వారున్నారు. బడి పేరు రాసిన చెక్కపలక అనుకునే వారూ ఉన్నారు. నిజానికి అది తాలూకా బోర్డు. ఆ బోర్డు రద్దయి తొంభై ఏళ్లు దాటింది. అయినా దాని పేరు మాత్రం జనం నాలుకపై నిలిచిపోయింది. బడికి ఎవరి సొమ్ము పోషణగా ఉంటే బడి వారి పేరుతోనే చెలామణి కావడం మన దేశంలో పరిపాటి. కాబట్టి బోర్డు బడి చరిత్ర అంటే ముఖ్యంగా ఆ సొమ్ము చరిత్రే.

బోర్డు బడికి ముందు ఉన్నది వీధి బడి. పంతులు గారి ఇంటి అరుగే పాఠశాల, ఇసుకే పలక. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఆధీనంలోని జిల్లాలన్నింటిలో ఎన్ని బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు, పంతుళ్లకు ఏమి గిడుతున్నది అని కలెక్టర్ల నుంచి నివేదికలు కోరాడు. అవన్నీ చేరడానికి కొన్నేళ్లు పట్టింది. 1826 మార్చిలో ఆయన రాసిన మినిట్ ప్రకారం రాజధాని మొత్తంమీద 12,498 బడులున్నాయి. జనాభాతో పోలిస్తే సుమారు వెయ్యి మందికి ఒకటి చొప్పున అన్నమాట. పంతులు నెలసరి ఆదాయం సాధారణంగా ఆరేడు రూపాయలకు మించదని కూడా మన్రో గుర్తించాడు. 'బతకలేక బడిపంతులు' అన్న సామెతకు ఇంతకంటే అధికారికమైన వ్యాఖ్యానం దొరకదేమో!

ఈ నివేదికలలో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపినది ప్రత్యేకంగా చదవదగినది. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో ఆయన జిల్లాలోనిదే. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. ఆ జిల్లాలో ఆయన లెక్కించిన బడులు 533, విద్యార్థులు 6,641 మంది. ఇన్ని బడులలో ఒక్కదానికైనా ప్రభుత్వ పోషణ లేదని ఆయన సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. ఒక అధికారి తన ప్రభుత్వాన్ని గురించి ఇలా రాయడం ఆ రోజులలోనే కాదు, ఏ రోజులలోనైనా అరుదు.

మన్రో ఒక పథకం తయారుచేశాడు. ప్రతి తహసీలుకూ ఒక బడి, ప్రతి కలెక్టరేటుకూ రెండు బడులు పెట్టి, తహసీలు పంతులుకు నెలకు తొమ్మిది రూపాయలు, కలెక్టరేటు పంతులుకు పదిహేను రూపాయలు ఖజానా నుంచి ఇవ్వాలన్నాడు. జీతానికి తోడు పిల్లలిచ్చే రుసుము కూడా పంతుళ్లదే. మన్రో 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించాడు. పెట్టిన కొద్ది తహసీలు బడులను 1836లో ఎత్తివేశారు.

ఆ తరువాత ఈ కథ గోదావరి డెల్టాకు మారుతుంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద పంట నిలకడకు వచ్చింది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. 1850ల మధ్యకాలంలో నరసాపురంలో సబ్‌కలెక్టరుగా ఉన్న జి. ఎన్. టేలర్ మొదట ఆ పట్టణంలోనూ, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలోనూ బడులు పెట్టించాడు. తరువాత పల్లెల రైతులు తమ ఊళ్లకూ బడులు కావాలని, వాటి ఖర్చుకు శిస్తుతోపాటు కొంత అదనంగా చెల్లించుకుంటామని ఒప్పుకున్నారు. ఇవే 'రేటు బడులు'. రేటు అంటే ఇక్కడ ధర కాదు, ఊరివారు తమపై తాము వేసుకున్న పన్ను. పరాయి ప్రభుత్వం కింద ఉన్న పల్లె తన పిల్లల చదువుకు తానే పన్ను వేసుకున్నదన్న మాట ఇప్పుడు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది.

అయితే 'ఒప్పుకున్నారు' అన్న మాటను చరిత్రకారుడు కొంత జాగ్రత్తగా వాడాలి. శిస్తు వసూలు చేసే అధికారే బడి పెట్టుకోమని సలహా ఇస్తే, మునసబు, కరణం పక్కన నిలబడి ఉండగా, వద్దని చెప్పగల రైతు ఎందరుంటారు? కొంతకాలానికి ఇది తాము ఇష్టపడి ఇచ్చింది కాదన్న ఫిర్యాదులు రానే వచ్చాయి. ఈ రేటుకు చట్టబద్ధత కల్పించడానికి 1863లో మద్రాసు విద్యాచట్టం చేశారు. ఊరివారు కోరుకుంటే తమపై పన్ను వేసుకోవచ్చునని ఆ చట్టం సారాంశం. గోదావరి జిల్లా వెలుపల దానిని వినియోగించుకున్నవారు బహు తక్కువ. అంటే స్వచ్ఛందం స్వచ్ఛందంగా ఉన్నచోట బడి రాలేదు, బడి వచ్చినచోట అది పూర్తిగా స్వచ్ఛందం కాదు. గ్రామీణ విద్యానిధుల చరిత్రలో ఈ చిక్కుముడి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1871లో ప్రభుత్వం ఈ సంకోచాన్ని వదిలేసింది. ఆ ఏటి లోకల్ ఫండ్ చట్టం ప్రకారం భూమిపై రూపాయికి అణా మించకుండా సెస్సు విధించవచ్చు. ఇక ఎవరి అంగీకారమూ అక్కరలేదు. అందులో పెద్దభాగం రోడ్లకు పోయేది. వైద్యం, పారిశుద్ధ్యం, బడులు మిగిలినదానిని పంచుకోవాలి. బడుల కోసం పల్లెలను కూటములుగా చేర్చి ఇంటిపన్ను వేసే ఏర్పాటు కూడా అదే చట్టంలో ఉంది కాని, ప్రజల వ్యతిరేకత వల్ల అది ఎంతోకాలం సాగలేదు. 1882లో రిపన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనా తీర్మానం వెలువడింది. అదే సంవత్సరం పనిచేసిన హంటర్ కమిషన్ స్థానిక నిధులపై ప్రాథమిక విద్యకు అగ్రాధికారం ఉండాలని సూచించింది. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. పల్లెబడి తాలూకా బోర్డు చేతికి వచ్చి 'బోర్డు బడి' అయింది. బోర్డుకు తొలి దశాబ్దాలలో అధ్యక్షుడు సాధారణంగా రెవెన్యూ డివిజను అధికారే.

ఈ అణా ఎవరికి ఎంత ఇచ్చిందో కొంచెం లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఊహ, పద్ధతి మాత్రం వాస్తవం. కాలువ నీరు పారే ఒక తాలూకాకు శిస్తు ఆరు లక్షలు, వానపై ఆధారపడిన మెట్ట తాలూకాకు లక్షన్నర అనుకుందాం. పూర్తి అణా వసూలైతే మొదటి బోర్డుకు 37,500 రూపాయలు, రెండవ దానికి 9,375 రూపాయలు వస్తాయి. రెండు తాలూకాలలో పిల్లల సంఖ్య ఒకటే అయినా బడుల సంఖ్య ఒకటి కాదు. ఆనకట్ట లేని చోట అక్షరం కూడా లేదన్నమాట! జమీందారీ గ్రామాలలో సెస్సును భూస్వామి చెల్లించి, అందులో సగాన్ని కౌలుదారు నుంచి రాబట్టుకోవచ్చు.

భూమి లేనివాడు ఈ లెక్కలోనే లేడు. సెస్సు నేరుగా చెల్లించేది భూమి గలవారు కాబట్టి బడి తమదన్న భావన వారికి సహజంగా ఏర్పడింది. బడి అగ్రహారంలోనో, గుడి మండపంలోనో, ఊరి చావడిలోనో ఉంటే అంటరానివారుగా ముద్రపడిన కులాల పిల్లవాడు ఆ గడప ఎక్కలేడు. బోర్డు బడి కాగితం మీద అందరిది. ఆ కాగితాన్ని నమ్మలేకనే 1920లలో మద్రాసు ప్రభుత్వం లేబర్ శాఖ ద్వారా ఆ కులాలకు వేరుగా బడులు పెట్టవలసి వచ్చింది.

పంతులు సంగతి చెప్పుకోవాలి. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో 'ఫలితాల గ్రాంటు' అన్న పద్ధతి ఒకటి నడిచింది. ఏడాదికొకసారి పరీక్షాధికారి వచ్చి పిల్లలను చదివించి, రాయించి, లెక్కలు చేయించి చూస్తాడు. ఎందరు ఏయే అంశాలలో కృతార్థులైతే అందుకు తగ్గ గ్రాంటు. అధికారి వచ్చే నాటికి ఒక పిల్లవాడికి జ్వరం వచ్చినా, మరొకడు కోతలకు పోయినా పంతులు గారి రాబడి తగ్గిపోయేది. ఏడాది పొడుగునా చెప్పిన చదువుకు ఒక్క పూటలో ధర కట్టే ఈ విధానం ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో పోయింది. ఫలితాలను బట్టి నిధులివ్వాలన్న మాట నేటికీ అప్పుడప్పుడు కొత్త ఆలోచనలా వినిపిస్తుంటుంది. అలా అనేవారు ఆ కాలపు విద్యాశాఖ నివేదికలు తిరగేస్తే మంచిది.

1920లో వచ్చిన మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం కొత్త ద్వారం తెరచింది. స్థానిక సంస్థ విద్యాపన్ను వేసుకుంటే దానికి తగ్గకుండా ప్రభుత్వమూ తన వాటా ఇస్తుంది. వినడానికి న్యాయమే. కాని ఎక్కువ వసూలు చేయగల చోటుకే ఎక్కువ గ్రాంటు వెళ్తుంది, డెల్టాకూ మెట్టకూ మధ్య ఉన్న అంతరం ఇంకా పెరుగుతుంది. పైగా అప్పటికి బోర్డులలో ఎన్నికైన సభ్యులు హెచ్చారు. కొత్త పన్ను వేసి మళ్లీ ఓటు అడగడానికి ధైర్యం కావాలి. పంతుళ్ల నియామకాలు, బదిలీలు గ్రామ రాజకీయాలతో ముడిపడ్డాయన్న నింద కూడా ఆ కాలంలో మొదలైందే. 1934లో తాలూకా బోర్డులు రద్దయి, వాటి బడులు జిల్లా బోర్డులకు చేరాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినప్పుడు ప్రాథమిక పాఠశాలలు సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు అప్పగించారు. 1980ల చివర సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. ఇంతలో జీతాల భారం క్రమంగా రాష్ట్ర ప్రభుత్వంపైకి వెళ్లిపోయింది. మెట్ట తాలూకా పంతులుకూ డెల్టా పంతులుకూ ఒకే జీతం వచ్చింది ఈ మార్పు వల్లనే. శిస్తు లెక్కలు చేయలేని మేలు ఇది, దీనిని తక్కువ చేయరాదు. పరిషత్తు ఉపాధ్యాయులు ఖజానాలోని '010 పద్దు'ను అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం, నిధులు లేని బోర్డుల కింద నెలల తరబడి జీతం కోసం ఎదురుచూసిన ఒక తరం అనుభవమే.

ఆ మేలుకు చెల్లించిన మూల్యమూ ఉన్నది. జీతం పైనుంచి వచ్చాక నియామకం, బదిలీ, పాఠ్యక్రమం అన్నీ పైకే వెళ్లాయి. 73వ రాజ్యాంగ సవరణ 1992లో పదకొండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీలకు ఇవ్వదగిన విషయంగా చేర్చింది. 1998లో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యానికి చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఒక యాజమాన్య కమిటీ ఉండాలన్నది. సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు. అగ్రహారపు గడప ఎక్కలేకపోయిన కుటుంబాల స్త్రీలు నేడు ఆ కమిటీలలో కూర్చుంటున్నారు. మన్రో కాని, టేలర్ కాని ఊహించలేని దృశ్యమిది.

ఆ కమిటీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేస్తుంది, గ్రాంటు వినియోగాన్ని పర్యవేక్షిస్తుంది. సమగ్ర శిక్ష పథకానికి 2021లో సవరించిన నిబంధనల ప్రకారం ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి లభించే మిశ్రమ గ్రాంటు 10,000 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, పగిలిన కుళాయి, చీపుళ్లు ఇవన్నీ అందులోనే. అది చాలకపోతే అణా సెస్సు వేసే అధికారం కమిటీకి లేదు. ప్రధానోపాధ్యాయుడు ముందు తన జేబులోంచి పెట్టి, తరువాత ఊరిలో ఎవరినో ఒకరిని అడుగుతాడు. గోడపై మాత్రం 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అని ఉంటుంది. ముసలివారు దానిని బోర్డు బడి అంటారు.