చనుబాలు మాన్పు గడువు

రొమ్మునకు వేపపసరు పూసి బిడ్డచేత పాలు మాన్పించు ఉపాయము మన తెలుగునాట తల్లు లెఱిగినదే కాని, ఆ పసరు నూఱవలసిన దినమేదియను విషయమున వైద్యులును ధర్మశాస్త్రవేత్తలును వేలయేండ్లుగా ఏకాభిప్రాయమునకు రాలేదు.

వాగ్భటుడు అష్టాంగహృదయమున నెలలు లెక్కింపక, దంతములు మొలచిన శిశువును స్తన్యమునుండి మెల్లమెల్లగా తొలగించుచు, పాలును, లఘువై పుష్టినిచ్చు అన్నమును అలవాటు చేయవలెనని విధించెను; గడువుకంటె ఆ క్రమమునకే ఆయన యెక్కువ విలువ నిచ్చినట్లు తోచును. రోమునగరపు వైద్యుడు సొరానసు ఒకటిన్నర, రెండేండ్ల ప్రాయమును సూచించెను. ఖురాను రెండు పూర్ణసంవత్సరములు చెప్పి, తలిదండ్రులు సంప్రదించుకొని ముందే మాన్పినను దోషము లేదనెను. యూదుల తాల్ముదులో మాత్రము వాదము ముదిరినది: ఇరువదినాలుగు నెలలు దాటిన బిడ్డకు అది నిషిద్ధపానమేయని రబ్బీ ఎలియెజరనగా, నాలుగైదేండ్లవఱకైనను త్రాగవచ్చునని రబ్బీ యెహోషువ ప్రతిఘటించెను. ఇరువురును పురుషులేయని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇరువదవ శతాబ్దమున గడియారము పెత్తనమునకు వచ్చినది. 1907లో న్యూజీలండున ప్లంకెట్ సంఘమును స్థాపించిన ట్రూబీ కింగు, చనుబాలను కొనియాడినవాడే యయ్యును, నాలుగేసి గంటల కొకమాఱు మాత్రమే, రాత్రివేళ బొత్తిగా లేకుండ, పాలీయవలెనని శాసించెను. ఏడ్చిన బిడ్డకు పాలిచ్చుటయే గారాబమని యెంచు ఈ పద్ధతిలో, నడకవచ్చిన బిడ్డకు పాలిచ్చుట మఱింత తప్పుగా కనబడుట వింత కాదు.

అసలు అపాయమెచటనున్నదో గోల్డుకోస్టులో, అనగా నేటి ఘానాలో, పనిచేసిన వైద్యురాలు సిసిలీ విలియమ్సు చూపెను. ఒడలుబ్బి, చర్మము నల్లబడి పొరలుగా ఊడి, పసివాండ్రు మరణించు వ్యాధిని 1933లో ఆమె వర్ణించి, 1935లో క్వాషియార్కరను స్థానికనామముతోనే లోకమునకు తెలిపెను. తరువాతి కాన్పుతో పాలకు దూరమైన బిడ్డకు ఇది సోకునని అచటి స్త్రీలు ముందే యెఱుగుదురు. ఆ పిల్లలకు దొరకునది మొక్కజొన్నగంజి మాత్రమే. పాలు ఎక్కువకాలమిచ్చుట కాదు, వానితోడ గాని వాని స్థానమున గాని తగిన ఆహారము పెట్టకపోవుటయే వారిని చంపినది.

ఆఱు నెలలు నిండినది మొదలు ఇతరాహారముతోపాటు రెండేండ్లు, ఆపైనను, చనుబాలీయవచ్చునని నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మూడేండ్ల బిడ్డకు పాలిచ్చు తల్లిని చూచి నవ్వువారికి శాస్త్రాధారమేదియు లేదు.