పిల్లికి చెలగాటము



‘పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము’ అను సామెత మన యిండ్లలో పుట్టినది. నేడు పట్టణములలోని యిండ్ల ననేకములలో చెలగాటము మిగిలినది గాని ఎలుక లేదు. దాని స్థానమున విద్యుద్యంత్రమొకటి వచ్చి చేరినది. అది వచ్చిన త్రోవను కొంత వివరింప దలచితిని. పిల్లి బొమ్మకు చరిత్ర యేమిటని కొందఱు నవ్వవచ్చును. కాని మార్జాలము మనతో కలిసి జీవించినంత కాలము ఏలిన రాజవంశము లేదు.

సైప్రసు ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో ఒక మనుష్యుని చెంతనే పిల్లి యొకటి పూడ్చబడియున్నదని ఫ్రెంచి పురాతత్త్వజ్ఞులు 2004లో ప్రకటించిరి. మానవుడు ధాన్యము నిలువచేయుట నేర్చెను. ధాన్యమునకై ఎలుకలు వచ్చినవి. ఎలుకలకై పిల్లి వచ్చినది. ఐగుప్త దేశమున పిల్లి చచ్చినచో ఆ యింటివారెల్లరును కనుబొమలు తీయించుకొందురని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసినాడు. ఇంత మన్నన పొందినను పిల్లి తన వేటను మానలేదు, మనము మాన్పింపను లేదు. అందుచే దానికి ఆటవస్తువు చేసి యిచ్చు నక్కఱ కలుగలేదు.

పిల్లిని గడప లోపల నిలిపినది మట్టి యని నా యభిప్రాయము. అమెరికాలో మిషిగను రాష్ట్రమున ఎడ్వర్డు లో అను వర్తకుడు 1947లో పొరుగామె కొకతెకు, తేమను పీల్చుకొను ఒకజాతి బంకమట్టి నిచ్చెను. అంతవఱకు ఆమె తన పిల్లి మలవిసర్జనపు పెట్టెలో బూడిద వేయుచుండెడిది. ఆ బూడిద యంటిన పాదములతో పిల్లి యిల్లంతయు తిరుగుచుండెడిది. మట్టితో ఆ బాధ తీఱినది. ‘లో’ దానిని సంచులలో నింపి యమ్మసాగెను. దుర్గంధము తగ్గినకొలది పిల్లికై వీధితలుపు తెఱచు పనియు తగ్గినది. నగరములలో అంతస్తుల యిండ్లు, వీధులలో మోటారు బండ్లు పెరుగుటయు దీనికి తోడైనవి. వేటకాని కడుపు నిండినది, వేట మాత్రము పోయినది.

ఇక యంత్రము మాట. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని మాలిబూలో థియొడోరు మైమను అను భౌతిక శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీనుండి లేజరు కాంతిని మొదటిసారి వెలువరించెను. కొన్ని దశాబ్దములలో అది కలమంత పరికరమై ఉపన్యాసకుల చేతికి వచ్చినది. ఆ కాంతిబిందువును నేలపై కదలించి పిల్లిని పరుగెత్తించు పద్ధతికి అమెరికా ప్రభుత్వము 1995 ఆగస్టు 22న 5,443,036 సంఖ్యగల పేటెంటు నిచ్చినది! బాల్యమున మేము అద్దపు ముక్కతో ఎండపొడను గోడపై ఆడించి పిల్లిని గంతులు వేయించితిమి. దానికి హక్కుపత్రము వ్రాయించుకొనవలెనని మాలో నొక్కనికిని తోచలేదు.

పిదప మనుష్యుని చేతితో పనిలేని యంత్రములు వచ్చినవి. కొన్నిటిలో చిన్న మోటారు అద్దమును త్రిప్పగా కాంతిబిందువు తానే పరుగులిడును; నియమితకాలము ముగియగానే ఆరిపోవును. మఱికొన్ని గుడ్డక్రింద ఈకను కదలించును. పిల్లి సమీపించుటను పరారుణ కిరణములచే పసిగట్టి పాఱిపోవు బంతులును గలవు.

పిల్లి యేల యాడును? ఇంగ్లండులో సౌతాంప్టను విశ్వవిద్యాలయమున జాన్ బ్రాడ్‌షా, ఆయన సహచరులు దీనిని పరిశీలించి 1998లోను 2002లోను ఫలితములను ప్రకటించిరి. ఆకలిగొన్న పిల్లి మఱింత తీవ్రముగా ఆడును. ఒకే బొమ్మను మరల మరల చూపిన విసుగుచెందును. వెంటనే వేఱొకటి చూపినచో మొదటికంటెను ఉత్సాహముతో దానిపై దుముకును. అనగా మన కంటికి ఆటగా కనబడునది దానికి వేటయే.

ఈ సంగతి నాకు గ్రంథమువలన గాక, హైదరాబాదులో మా అమ్మాయి యింట తెలిసినది. నాలుగవ అంతస్తు; పిల్లి యెన్నడును నేల త్రొక్కి యెఱుగదు. ఒకనాటి సాయంకాలము యంత్రము ఆగిపోయి, ఎఱ్ఱని చుక్క మాయమైనది. పిల్లి బీరువా క్రింద పంజా దూర్చి చాలసేపు వెదకినది. “తాతయ్యా, అది ఏమిటి వెతుకుతోంది?” అని మనుమరాలు అడిగినది. నలువది యేండ్లు పాఠములు చెప్పిన నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆఱు వందలకు పైగా పిల్లుల యజమానులను ప్రశ్నించి 2021లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. లేజరు ఆట తఱచుగా ఆడు పిల్లులలో నీడలను, వెలుగులను వెంటాడుట, బొమ్మ నొకదానినే పట్టుకొని విడువకుండుట వంటి వింత చేష్టలు ఎక్కువగా చెప్పబడినవి. ఇది సంబంధమును చూపునే గాని కారణమును నిరూపింపదు. ఆ యాటను మాన్పింపుమని నేననను. పరుగులేని పిల్లి లావెక్కి రోగముపాలగును. కాని కిరణము దాని కంట పడరాదు. వేట చివర పంజాకు చిక్కునది యేదో యొకటి యుండవలెను.

ఇప్పుడు మా మనుమరాలు చుక్క చివర నిలిచిన చోట రెండు మేత గుళికలు పెట్టుచున్నది. పిల్లి వానిని తిని, మూతి నాకుకొని పండుకొనుచున్నది. అయినను నడుమ నడుమ లేచి, బీరువా క్రింద ఒకమాఱు తొంగిచూచి వచ్చుచున్నది.