అంచు చూచి అడవి పేరు చెప్పుట

1612వ సంవత్సరమున జహంగీరు చక్రవర్తి ఆజ్ఞపై గోవా రేవునకు పోయి ముకర్రబు ఖాను కొనితెచ్చిన వింతలలో, నెమలిపెట్టకంటె పెద్దదియు, నెమలిపుంజుకంటె చిన్నదియు నగు పక్షి యొకటి యుండెను. మదించినపుడు దాని తలయు మెడయు పగడమువలె ఎర్రనై, మరికొంత సేపటికి తెల్లనై, ఆపై నీలివన్నె దాల్చుటను కనులార గాంచిన చక్రవర్తి, ఆ వింతను తన చరిత్రలో వ్రాసికొనుటయే గాక, ఆస్థాన చిత్రకారుడగు మన్సూరుచే దాని రూపమును చిత్రింపజేసెను. మనము టర్కీకోడి యని పిలుచు ఆ పక్షికి తురుష్కదేశము పుట్టినిల్లు గాదు. ఆంగ్లేయులు దానిని తురుష్కుల సొమ్మనుకొనగా, తురుష్కులు మన దేశపుదని తలచి ‘హిందీ’ యనిరి. పోర్చుగీసువారు ‘పెరూ’ యని మరియొక దేశమునకు ముడివెట్టిరి. మెక్సికోలోని ప్రాచీన జనులు మచ్చిక చేసిన దక్షిణ ఉపజాతియే స్పెయిను ఓడలపై సముద్రము దాటి, లోకమంతట పెరటికోడి యయ్యెను.

మచ్చిక కాక అడవిలోనే నిలిచిన దాని జ్ఞాతుల కథ వేరు. చీర అంచు చూచి యిది గద్వాల, యిది వెంకటగిరి యని మన యింటి పెద్దలు చెప్పగలిగినట్లు, అడవిటర్కీ పుంజు తోక పురివిప్పినపుడు ఈకల కొసలనున్న అంచు చూచి అది యే నేలపై పెరిగినదో అమెరికా వేటకాడు చెప్పగలడు. అట్లాంటిక్ తీరమునుండి మిసోరి వరకు పరచుకొన్న ఓక్, హికరీ వనములు తూర్పు ఉపజాతికి నెలవు. ఆ వనములలో శరత్కాలమున రాలిన ఆకుల ముదురు గోధుమవన్నెయే దాని అంచు. దట్టమైన చెట్ల నడుమ కన్నుకంటె చెవియే దిక్కగుటచేత గాబోలు, ఆ వేటను మరిగినవారు దీని కూతకు సాటి వేరొక ఉపజాతి కూత లేదందురు. పడమరకు పోయినకొలది వానలు తరిగి, అడవి పలుచనై, టెక్సాసు, ఓక్లహోమా మైదానములలో చెట్లు వాగుల యొడ్డునకే పరిమితమగును. ఆ వాగులను పట్టుకొని జీవించు రియో గ్రాండె ఉపజాతి అంచు ఎండుగడ్డివలె లేత పసుపు. ఇంకను పైకెక్కి న్యూ మెక్సికో, అరిజోనా, కొలరాడో పర్వతములలోని పాండెరోసా పైన్ వనములు చేరితిమా, 1900లో మెరియమ్ అను శాస్త్రజ్ఞుని పేర నామకరణము పొందిన ఉపజాతి ఇంచుమించు తెల్లని అంచుతో కనబడును.

ఫ్లారిడా ద్వీపకల్పపు సైప్రస్ చిత్తడులలోను, పామెట్టో పొదలలోను తిరుగు నల్లని పక్షి పేరు ఓసియోలా. ఆ పేరు వినినపుడెల్ల నా మనస్సు వేటను మరచి పోవును. తన జనులను ఆ నేలనుండి వెడలగొట్టరాదని పోరాడిన సెమినోల్ వీరుడు ఓసియోలా, 1837లో సంధిమాటలకని తెల్లజెండా నీడను వచ్చి బంధితుడై, మరుసటి యేట చెరలోనే కన్నుమూసెను. 1890లో ఆ పక్షిని వర్ణించిన శాస్త్రజ్ఞుడు దానికి ఆ వీరుని పేరే పెట్టెను.

ఈ నాల్గింటిని వేటాడినవాడు తమలో ధన్యుడని అచ్చటివారి లెక్క. ఆ వేట వసంతమున తెల్లవారకముందే మొదలగును. పుంజు రాత్రి నిద్రించిన చెట్టుపైనుండియే కూయును. వేటకాడు దూరమున నొక మ్రాను మొదట కదలక మెదలక కూర్చుండి, పెట్ట గొంతును అనుకరించును. మన వేటకాండ్రు కౌజులకు దీమపుపిట్టను పెట్టినట్లే, అచ్చట గొంతే దీమము. ఆదివాసులు టర్కీ రెక్క యెముకతోనే పిల్లనగ్రోవి చేసి పిలిచెడివారు. కొయ్యపెట్టెపై మూతను రాచి కూత పుట్టించు సాధనమునకు ఆర్కన్సావాసి గిబ్సన్ 1897లో పేటెంటు పొందెను. ఐనను సహజముగా పుంజు కూయగా పెట్ట పోవునే గాని, పెట్ట పిలువగా పుంజు దిగివచ్చుట ఆ జాతి ఆచారము గాదు. ఆ ఆచారమును తలక్రిందులు చేయ గోరుటచేతనే ఆ వేట అంత కష్టమైనది.

ఇంత ప్రియమైన పక్షిని ఆ దేశమువారే దాదాపు తుడిచిపెట్టిరి. గొడ్డలి అడవిని నరికెను. అంగడికి మాంసమమ్ము తుపాకి మిగిలినదానిని తినెను. మసాచుసెట్స్‌లో కడపటి పక్షి 1851లో టామ్ పర్వతముపై నేలకొరగినది. 1904లో న్యూయార్కున కనబడిన తెగులు చెస్ట్‌నట్ వృక్షములను వరుసగా చంపగా, తూర్పు అడవులలో పక్షులకు గింజల పంటయు పోయెను. ఆ లోటు తీర్చుటకు పెంపకపు పక్షులను అడవిలో విడిచి చూచిరి. తల్లి వెంట తిరుగక, నక్కను, గ్రద్దను ఎరుగని పిల్లలు అడవిలో నిలువలేకపోయెను. అడవిపక్షినే పట్టి వేరొక అడవికి చేర్చవలెనని తేలినది. కాని ఎవ్వరి వలకును చిక్కకుండుటయే దాని గుణము. తుపాకులపై పన్నును వన్యప్రాణి రక్షణకు మళ్లించిన 1937 నాటి శాసనము ధనమును సమకూర్చగా, ఫిరంగిగొట్టములతో వలను క్షణములో విసరు ఉపాయమును 1951లో దక్షిణ కరోలినాలో హోల్‌బ్రూక్ అనునతడు ఈ పక్షిపై ప్రయోగించి ఫలింపజేసెను. 1972, 73లలో న్యూయార్కునుండి తెచ్చిన 37 పక్షులతో మసాచుసెట్స్ అడవి మరల కూతలు వినెను. నేడు ఆ దేశమున అడవిటర్కీలు లక్షలలో గలవు.

పై నాల్గింటిలో చేరనిది మెక్సికో సియర్రా మాద్రె కొండల గూల్డ్ ఉపజాతి. అన్నిటికంటె తెల్లని అంచు దానిదే. అరిజోనాలోని హువాచూకా కొండలలో సైనికులును, గనివారును దానిని తిని మిగులనీయలేదు. 1983లో మెక్సికోనుండి పట్టి తెచ్చిన పక్షులను ఆ కొండలలోనే, ఒకప్పుడు వానిని వేటాడిన సైనికుల కోట చెంతనే, విడిచిరి. అవి చెట్లెక్కి నిద్రించి, తెల్లవారి దిగివచ్చి, తోకలు విప్పినవి.